పొత్రం పోయిన ఊరు

ఆ ఏడాది పట్నాల్లో జనానికి చిన్న ఊళ్ల పిచ్చి పట్టుకుంది. ఊళ్లకు వెళ్లే పిచ్చి కాదు, ఊళ్ల మీద రాసిన డిటెక్టివ్ నవలలు చదివే పిచ్చి. ఆ నవలల్లో మొదటి అధ్యాయంలో ఎవరో ఒకరు చస్తారు, లేదా ఏదో ఒకటి పోతుంది. అంతటితో దాని పని అయిపోతుంది. తక్కిన పుస్తకమంతా ఆ ఊళ్లో కాఫీ ఎవరు ఎలా కాస్తారు, కాంపౌండరు ఎవరింటి ముందు సైకిలు దిగి నడుస్తాడు, పోస్టుమాస్టరు భార్య ఎవరితో మాట్లాడటం మానేసింది, ఇదే గొడవ. హంతకుడు దొరికితే పాఠకుడికి సంతోషం ఉండదు సరికదా, పుస్తకం అయిపోయిందే అని దిగులు. తన ఎదురు ఫ్లాటులో ఎవరుంటున్నారో తెలియని మనిషి కూడా, తానెన్నడూ చూడని ఊళ్లో ఎవరి గోడ మీంచి ఎవరికి కూరగిన్నె అందుతుందో కంఠతా పట్టేశాడు.

జనానికి ఏ సరదా పుట్టినా దానికొక మండలి పెట్టడం ప్రభుత్వం వారి సరదా. అలా పుట్టిందే రాష్ట్ర ఉత్కంఠ పర్యాటక మండలి. ఎంపికైన ప్రతి చిన్న పట్టణమందును తెగని రహస్యము ఒకటి ఉండవలెననీ, విలక్షణ స్వభావము గల పాత్రలు జనాభాకు తగు నిష్పత్తిలో ఉండవలెననీ మండలి వారు తీర్మానించారు. రహస్యం వెతికి పట్టుకురావడానికి ప్రభంజనరావు అనే ప్రత్యేక ఉత్కంఠాధికారిని వేశారు. ఆయన ఇలాంటి నవల తలకింద లేనిదే నిద్రపోలేని మనిషి.

అలాంటాయన వెతుక్కుంటూ వెతుక్కుంటూ ముక్కామలదొడ్డి వచ్చాడు, ఖర్మ కాకపోతే. ముక్కామలదొడ్డిలో లేనిదేదైనా ఉంటే అది రహస్యమే. అక్కడ బస్టాండులో తుమ్మితే, మార్కెట్టు చేరేసరికి జ్వరం తగ్గిందా అని అడుగుతారు. ఏ ఇంట్లో ఏం పోయినా, పోగొట్టుకున్నవాడికంటే ముందే ఊరికి తెలుస్తుంది. ప్రభంజనరావు లాడ్జిలో దిగి, ఊరంతా తిరిగి, ఒక్కటంటే ఒక్క రహస్యం దొరక్క నీరసపడి, మర్నాడు బస్సెక్కుదామనుకున్నాడు.

ఆ మర్నాడే వరహాలమ్మ పొత్రం పోయింది.

వరహాలమ్మది లాడ్జికి ఎదురుగా రేకుల షెడ్డులో పెసరట్ల హోటలు. పిండి రుబ్బురోట్లోనే రుబ్బుతుంది. మిక్సీ కొనుక్కోరాదా అని ఎవరైనా సలహా ఇస్తే, "మిక్సీ ఎల్లిపోతా ఎల్లిపోతా రుబ్బుద్దండి. రోలు కూసుని రుబ్బుద్ది" అని ఆ మనిషికి ఆ పూట అల్లం పచ్చడి తగ్గించి వేస్తుంది. ఆ రోట్లో తిరిగే పొత్రం ఆవిడ అత్తగారి నాటిది. అరిగి అరిగి అద్దంలా నున్నబడింది.

బారసాలనాడు ఉయ్యాల్లో బిడ్డకంటే ముందు పొత్రాన్ని పడుకోబెట్టి ఊపడం చాలాచోట్ల ఉన్నదే. బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. ముక్కామలదొడ్డి వాళ్లు దానికి తమ తెలివి కొంత కలిపారు. ఆ పొత్రం పదిమందికి పెట్టే చేతిది కావాలి. అడిగి తెస్తే బిడ్డ అడుక్కు తింటుంది కనుక అడక్కుండా తేవాలి. తెల్లారాక పొత్రం తాలూకు ఇల్లాలు వీధిలోకి వచ్చి, పోయింది పోయిందని గోలపెట్టి, తీసుకెళ్లినవాళ్లను నోరారా తిట్టాలి. ఎంత తిడితే బిడ్డకు అంత ఆయుష్షు. ఆ తర్వాత బిడ్డ బోర్లా పడిన పొద్దు గుంకేలోపు పొత్రం దాని చోటికి చేరాలి. చేరకపోతే ఆ బిడ్డ జన్మంతా రాయిలా మొండికేస్తుందని భయం. మామూలుగా బారసాల మర్నాడే, పైన గుప్పెడు మినపసున్నుండలతో తిరిగి వచ్చేస్తుంది.

గోడవతల సూర్యావతి మనవరాలికి బారసాల. వరహాలమ్మ ముందురోజు సాయంత్రమే పొత్రం కడిగి, పసుపు రాసి, దొడ్డి గడియ తీసిపెట్టి, ఏమీ ఎరగనట్టు పడుకుంది. పొద్దున్నే కొప్పు ముడిచి వీధిలోకి వచ్చింది.

"నా పొత్రం పోయిందర్రోయ్! ఏ ముదనష్టపుది ఎత్తుకెళ్లిందో గానీ, దాని కొంప పిల్లల్తో నిండిపోనూ! దానికి రాత్రిళ్లు నిద్దరనేదే లేకుండా పోనూ! ఉతికిన గుడ్డ ఉతికినట్టు తడిసిపోనూ!"

గోడవతల సూర్యావతి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. వీధిలో అందరూ ఆగి, తిట్లకు మార్కులు వేస్తున్నారు. కందకు లేని దురద కత్తిపీటకు పుట్టినట్టు, లాడ్జి బాల్కనీలో పళ్లు తోముకుంటున్న ప్రభంజనరావుకు ఒళ్లు పులకరించింది. నోట్లో బ్రష్షుతోనే మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా! తమకు ఎవరి మీదనైనా అనుమానమున్నదా?"

"అనుమానం దేనికండీ? ఎవరు పట్టుకెళ్లారో తెలుసు కదండీ. ఇదిగో, ఈ గోడవతల..."

ప్రభంజనరావు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. పేస్టు నురగ చొక్కా మీద పడింది.

"ఆగండి! చెప్పకండి! మొదటి అధ్యాయంలోనే చివరి అధ్యాయం చెప్పేస్తారా? చదివేవాడు ఏమైపోవాలి?"

"చదివేదేంటండి బాబూ, అది మా ఆచారం. మా ఒదిన..."

"గుట్టు విప్పరాదు!" అని అరిచి ఆయన వెనక్కి పరుగెత్తాడు.

సాయంత్రానికల్లా ఊళ్లో మైకు తిరిగింది. "ఇందుమూలముగా యావన్మంది పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, శ్రీమతి వరహాలమ్మ గారి పొత్రము అదృశ్యమగుటను మండలి వారు అధికారిక రహస్యముగా గుర్తించియున్నారు. సదరు రహస్యమును ఎరిగినవారు ఎరగనట్లు మెలగవలెను. పొత్రము ఎవరి వద్ద దొరికిన వారే దోషులుగా పరిగణింపబడుదురు." ఎరిగినవారు అంటే ఊరంతా. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇదేదో సరదాగానే ఉందనుకున్నారు. సూర్యావతి మాత్రం సున్నుండల గిన్నె పట్టుకుని గోడ దగ్గరే నిలబడిపోయింది.

మర్నాడు వరహాలమ్మ దొడ్లో ఖాళీ రోలు చుట్టూ తాడు కట్టేశారు. గోడ దగ్గర హెడ్డు కానిస్టేబులు చిట్టబ్బుల్ని స్టూలు వేసి కూర్చోబెట్టారు. బాధితురాలును, పొరుగువారును సంభాషించినచో ఉత్కంఠ సన్నగిల్లును గనుక సంభాషించరాదని రాతపూర్వకంగా చెప్పారు. పొరుగావిడ మీద అనుమానమా అని చిట్టబ్బులు అడిగితే ప్రభంజనరావు జాలిగా నవ్వాడు.

"పక్కింటావిడా? అంత తేలికా? చదువరిని పక్కదారి పట్టించడానికి పెట్టిన పాత్రయ్యా ఆవిడ. ఇలాంటి నవలలు నేనెన్ని చదివానో నీకు తెలుసా?"

చిట్టబ్బులు బారసాల భోజనం కడుపారా తిన్న మనిషి. పొత్రం ఊగిన ఉయ్యాలకు తనే ఒక చెయ్యి వేశాడు కూడా. "తమరు చదువుకున్నోరండీ" అని ఊరుకున్నాడు.

అక్కణ్నుంచి పని వేగం అందుకుంది. రహస్యం ఉంటే చాలదు, అనుమానితులు కావాలి. ప్రభంజనరావు వీధుల్లో తిరిగి మొహాలు చూసి కొందర్ని ఏరాడు. అనుమానితుల ఇళ్లకు పర్యాటకులు వస్తారు కాబట్టి ఆ ఇళ్లకు సున్నం కొట్టించారు, ఆ సందుల్లో దీపాలు వేయించారు. అది చూసి నాలుగో వార్డు భగ్గుమంది. ఆ వార్డు కౌన్సిలరు గంగరాజు మునిసిపల్ ఆఫీసు ముందు టెంటు వేసుకుని కూర్చున్నాడు.

"మా వార్డులో ఒక్కడూ దొంగలా కనపడ్లేదా మీకు? మేమేం పాపం చేశాం? రాయి ఎత్తుకెళ్లే సత్తా ఉన్న మొగోడే మా వార్డులో లేడంటే ఊరుకుంటామేంటండీ?"

న్యాయమైన కోరికే. అన్ని వార్డులకూ అనుమానంలో సమాన వాటా ఇస్తామని మండలి వారు హామీ ఇచ్చాకే గంగరాజు నిమ్మరసం తాగాడు. ఆ తర్వాత ఊళ్లో ఒక మనిషి మీద అనుమానం లేదంటే ఆ మనిషికి పలుకుబడి లేదని లెక్క. అనుమానితుడికి పిల్లనిస్తాం గానీ నిర్దోషికి ఇవ్వమన్నారు ఒకళ్లు.

తర్వాత స్వభావ తనిఖీ వచ్చింది. నవలల్లో మనుషులకు తలా ఒక వింత ఉంటుంది. ముక్కామలదొడ్డి జనం ఉత్త మనుషులుగా తేలారు. కాంపౌండరు అప్పలాచార్యులు మరీ మంచివాడుగా ఉన్నందున ఆయనకు కుంటి నడక మంజూరు చేశారు. ఆయనది మతిమరుపు. పొద్దున కుడికాలు, మధ్యాహ్నం ఎడమకాలు కుంటేవాడు. పర్యాటకులు అదే పెద్ద ఆధారమనుకుని ఆయన వెనకాలే తిరిగారు. రిటైరైన డ్రిల్లు మాస్టారికి చీకటి గతం కేటాయించారు. ఆయన మురిసిపోయి, అరుగు మీద కూర్చుని దూరంగా చూడటం మొదలుపెట్టాడు. "పెళ్లైన కాడ్నించీ పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండే మనిషికి గతమెక్కడ్నించొచ్చిందండీ?" అని ఆయన భార్య తనిఖీదారుల్ని నిలదీసింది. ఆవిడకు గయ్యాళితనం విడిగా మంజూరు చేయనక్కర్లేదని వాళ్లు రాసుకుపోయారు.

ఊరంతా తిరనాళ్లలా ఉంటే, గోరుచుట్టు మీద రోకటిపోటు వరహాలమ్మకు. పొత్రం లేక ఆవిడ మిక్సీ కొనుక్కుంది. ఆ పిండితో వేసిన అట్టును మొదటిసారి తుంచి నోట్లో పెట్టుకుని, ఎవరూ చూడకుండా ఊసేసింది. రోజూ వచ్చేవాళ్లు మొహమాటానికి సగం తిని లేచిపోయారు. కొన్నాళ్లకు ఆ మొహమాటం కూడా అయిపోయింది. వచ్చిందల్లా పర్యాటకులు. వాళ్లు ఖాళీ రోలుకు ఫోటోలు తీసుకుని, ఆ గడ్డిలాంటి అట్టు తిని, కళ్లు తుడుచుకున్నారు.

"మీ పెసరట్టులో మీ బాధ తెలుస్తోందండీ" అంది ఒకావిడ.

తన జన్మలో అత్యంత చెత్త అట్టుకు తన జన్మలో వినని పొగడ్త. వరహాలమ్మకు ఏడుపొచ్చింది. కానీ అసలు ఏడుపు అట్టు గురించి కాదు. ఇన్నేళ్లలో సూర్యావతితో ఒక్క పూట మాట్లాడకుండా ఉన్నది లేదు. ఉప్పుకీ పప్పుకీ, మొగుళ్ల మీద చాడీలకీ ఆ గోడే వాళ్లకు కచేరీ. ఇప్పుడు గోడవతల పసిపిల్ల ఏడుపు వినిపిస్తుంది. ఆ పిల్ల ఎవరి పోలికో, జుట్టుందో లేదో వరహాలమ్మకు తెలియదు. ఎక్కడెక్కడి పర్యాటకులో వెళ్లి ముద్దుచేసి వస్తున్నారు, పెద్దమ్మమ్మలాంటి తను వెళ్లకూడదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆవిడకు మిక్సీని రోడ్డు మీద పగలగొట్టాలనిపించేది.

మాట్లాడుకోకూడదన్నారు గానీ చిట్టబ్బులుతో మాట్లాడకూడదనలేదు. ఆ కిటుకు ఇద్దరికీ త్వరగానే తట్టింది.

"హెడ్డుగారూ, పిల్ల మెడ నిలబెట్టిందని ఆవిడతో చెప్పండి" అనేది గోడవతల గొంతు.

"మెడ నిలబెట్టిందంటండి" అనేవాడు చిట్టబ్బులు తల ఇటు తిప్పి.

"మరి పక్కకి తిరుగుతుందేమో అడగండి."

"తిరుగుతుందాండి?"

"తిరుగుతుందని చెప్పండి. ఇయ్యాళో రేపో బోర్లా పడిపోద్ది, పొత్రం చూస్తే మంచం కింద ఉంది, నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదని చెప్పండి."

చిట్టబ్బులు చెప్పాడు. చెప్పి, తన టోపీ తీసి తల గోక్కున్నాడు.

ఇలా ఉండగా సమాపనోత్సవం ముంచుకొచ్చింది. మండలి అధ్యక్షులు స్వయంగా వస్తారు. నవలకు చివరి అధ్యాయం ఉండాలి కాబట్టి ఆ సభలో గుట్టు విప్పుతారు. దోషికి వేదిక మీద దండ వేసి, బేడీలు తగిలించి, నమ్మదగినట్లుండుటకు గాను నిజంగానే కేసు పెట్టి లోపల వేస్తారు. ఈ మాట వినగానే వరహాలమ్మ చెయ్యి కడుక్కోకుండా లాడ్జికి పరిగెత్తింది.

"అయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను. అది దొంగతనం కాదండి. పసిదాని కోసం..."

"వరహాలమ్మగారూ!" ప్రభంజనరావు చెవులు మూసుకుని గోడవైపు తిరిగాడు. "ఇన్నాళ్లు ఓపిక పట్టాను. రేపు సాయంత్రం దాకా ఆగలేరా? నేను చదివే పుస్తకం ఆఖరి పేజీ మా ఆవిడ చెప్పేసిందని ఆవిడతో నెల్లాళ్లు మాట్లాడలేదండీ నేను!"

రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. ఆవిడ మెట్లు దిగి వచ్చేసింది.

ఉత్సవం నాడు పొద్దున్నే, ఊరంతా తోరణాలు కడుతుండగా, గోడవతల్నుంచి కేక వినిపించింది.

"హెడ్డుగారూ! పిల్ల బోర్లా పడింది!"

చిట్టబ్బులు తల తిప్పనక్కర్లేకపోయింది. వరహాలమ్మ చేతిలో గరిటె కింద పడింది. బోర్లా పడితే బొబ్బట్లు పంచుకోవలసిన పూట, ఇద్దరాడవాళ్లూ గోడకు అటూ ఇటూ నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పొద్దు గుంకేలోపు పొత్రం రావాలి. వస్తే పట్టుబడుతుంది, సూర్యావతి బేడీలు వేయించుకుంటుంది. రాకపోతే పిల్ల.

"హెడ్డుగారూ," అంది వరహాలమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుని, "నేను ఇంతవరకూ మనవరాల్ని చూళ్లేదు. ఒకపాలి ఈధి గుమ్మంలోంచి ఎత్తుకు రమ్మని ఆవిడతో చెప్పండి. గట్టిగా గుడ్డలు చుట్టి తెమ్మనండి. బరువైన పిల్ల కదా, జాగర్తగా తెమ్మనండి."

చిట్టబ్బులు ఆ మాటను గోడవతలికి ఒక్క అక్షరం పొల్లుపోకుండా అందించాడు. ఆనక, తన ఉద్యోగంలో మొదటిసారి ఎవరూ చెప్పకుండానే, నవ్వాపుకోవడానికి కొబ్బరిచెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు.

మధ్యాహ్నం హోటలు ముందు ప్రభంజనరావు పూలదండలు సరిచూస్తున్నాడు. ఫోటోల వాళ్లున్నారు, పర్యాటకులున్నారు, అన్ని వార్డుల అనుమానితులూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. సూర్యావతి తన గుమ్మం దిగింది. చేతుల్లో పొత్తిళ్లు. పైన ఊలు టోపీ, దాని మీద ఇంత దిష్టిచుక్క. నడుము వెనక్కి వాల్చి, ఆపసోపాలు పడుతూ నడుస్తోంది. ఆవిడను చూసి వీధి వీధంతా గప్‌చుప్ అయిపోయింది. అప్పలాచార్యులు రెండు కాళ్లూ కుంటడం మొదలుపెట్టాడు.

"ఓహో, పక్కింటి పాపా!" ప్రభంజనరావు ఫోటోల వాళ్లను చూసి ఉత్సాహపడ్డాడు. "ఇలా ఇవ్వండి. ఒక ఫోటో."

"ఒద్దండి, నిద్దరోతందండి."

ఆయన అప్పటికే చేతులు చాచి అందుకున్నాడు. మోకాళ్లు వంగాయి. మొహం ఎర్రబడింది.

"బాగా... పుష్టిగా ఉందే!"

"పోతపాలు కాదండి, తల్లిపాలండి" అంది సూర్యావతి.

"కదలదేం?"

"బుద్ధిమంతురాలండి."

ప్రభంజనరావు పొత్తిళ్ల మీద మృదువుగా తట్టాడు. "ఊరికి మంచిపేరు తెచ్చిపెట్టమ్మా" అని దీవించాడు. ఫోటో తీశారు. చేతులు పీకుతుంటే ఆయన అటూ ఇటూ చూసి, గుమ్మంలో నిలబడ్డ వరహాలమ్మ చేతుల్లో దాన్ని పెట్టేశాడు. పొరుగువారితో సంభాషించరాదన్నది నిబంధన. పొరుగువారి బిడ్డను ఎత్తుకోరాదని ఎక్కడా లేదు. ఆయన నిబంధనలు తెలిసిన మనిషి.

"అచ్చం మా అత్తగారి పోలికే" అంది వరహాలమ్మ, గుడ్డలు కాస్త తొలగించి చూసి. నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూ లోపలికి పట్టుకుపోయింది.

సాయంత్రం సభలో అధ్యక్షులు దండలన్నీ వేయించుకున్నాక, ప్రభంజనరావు మైకు అందుకున్నాడు. పక్కన బల్ల మీద బేడీలు తళతళా మెరుస్తున్నాయి.

"సోదర సోదరీమణులారా! ఇన్నాళ్లు మీరు చూపిన సంయమనము శ్లాఘనీయము. ఇప్పుడు గుట్టు విప్పవచ్చును. పొత్రము గైకొన్నదెవరు?"

తుమ్మును కూడా దాచుకోని ఊరు, నోరు విప్పలేదు. నాలుగో వార్డు తరఫున నేరం ఒప్పేసుకుందామని గంగరాజు లేవబోతే ఆయన భార్య చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. డ్రిల్లు మాస్టారు దూరంగా చూశాడు. చిట్టబ్బులును అడిగితే, తన కళ్లముందు గోడ దాటి ఏమీ రాలేదని ప్రమాణం చేశాడు. అది నిజమే.

"వరహాలమ్మగారూ! తమరికి మొదటిరోజే తెలుసన్నారే! నాకు చెప్పబోయారు కూడానూ!"

వరహాలమ్మ లేచి నిలబడింది. ముందువరసలో సూర్యావతి, ఒళ్లో మనవరాలు. ఈసారి అసలుది. ఉన్న నాలుగు వెంట్రుకలూ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"అప్పుడు తెలిసిందండి. మీరు చెప్పొద్దన్నాక మర్చిపోయానండి."

ప్రభంజనరావు ముఖం పాలిపోయింది. అధ్యక్షులు మాత్రం కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. రాష్ట్రమంతా గాలించినా దొరకని తెగని రహస్యము ఇక్కడ నికరముగా దొరికినదనీ, ముక్కామలదొడ్డిని శాశ్వత రహస్య పట్టణముగా ప్రకటిస్తున్నాననీ సెలవిచ్చారు. పర్యాటకుల సౌకర్యార్థం ఖాళీ రోలు నమూనా ఒకటి సిమెంటుతో బస్టాండు దగ్గర కట్టించాలన్నారు. వరహాలమ్మ దొడ్లో తాడు ఆ రాత్రే విప్పేశారు. చిట్టబ్బులు తన స్టూలు తను ఎత్తుకుపోయాడు.

మర్నాడు పొద్దున ప్రభంజనరావు పెట్టె సర్దుకుని, బస్సుకు ముందు చివరిసారిగా హోటలుకు వచ్చాడు. చూస్తే బల్లలన్నీ నిండి ఉన్నాయి. పర్యాటకులు కారు, ఊళ్లోవాళ్లే. వరహాలమ్మ ఆయనకు చోటు చేయించి, ఆకులో పెసరట్టు వేసి, పక్కన నెయ్యి కారుతున్న బొబ్బట్టు పెట్టింది. దొడ్లోంచి గుర్రు గుర్రుమని చప్పుడు వస్తోంది, మధ్యమధ్య ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల నవ్వులు, ఒక పసిపిల్ల కేరింత.

"ఆ చప్పుడేమిటి?"

"మిక్సీయండి. కొత్తది కదా, అలవాటు పడతంది."

ఆయన అట్టు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపి, కళ్లు మూసుకుని, మళ్లీ నమిలాడు. బొబ్బట్టు కొరికాడు. అందులో పూర్ణం వెన్నలా ఉంది.

"వరహాలమ్మగారూ, ఇన్నాళ్లు మీ చేతి అట్టు తిన్నాను. ఇవాళ ఏదో తేడా ఉంది. ఏమిటది? ఆ బొబ్బట్లెందుకు?"

వరహాలమ్మకు ఆ క్షణాన ఆయన మీద జాలేసింది. పాపం, ఊరు కాని ఊళ్లో ఇన్నాళ్లున్నాడు, పిల్లను దీవించాడు, పొత్రం తన చేతుల్తో తనే తెచ్చి ఇచ్చాడు. చెప్పేద్దామనే అనుకుంది. "అదేంటంటేనండీ..." అని నోరు తెరిచింది.

ప్రభంజనరావు ఎంగిలిచేత్తోనే రెండు చెవులూ మూసుకున్నాడు.

"చెప్పకండి. నేనే కనిపెడతాను" అన్నాడు.

వరహాలమ్మ ఆయన ఆకులో ఇంకో బొబ్బట్టు వేసి, రుబ్బడం అయిందేమో చూడ్డానికి దొడ్లోకి వెళ్లింది.